పరికరం వాడుకలో ఉంది

తన్మయి కుడికాలు గాల్లో ఉంది, గజ్జె ఇంకా నేల తాకలేదు, సరిగ్గా అప్పుడొచ్చింది ఫోను.

"గురువుగారబ్బాయి ఈశ్వర్ అన్న పిలుస్తున్నాడు. చెవిలోకి రానివ్వనా?" అని తలలోపల పెద్దమ్మ అడిగింది. రానివ్వమంది తన్మయి, ఎగురుతూనే.

"తన్మయీ, నాన్న పోయారు."

"ఎక్కడికి? మేం ఇక్కడ ఆయన కోసమే చూస్తున్నాం కదన్నా."

"పోయారే! చనిపోయారు! ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బస్సు దిగుతూ పడిపోయారంట. ఆస్పత్రికి తెచ్చేసరికే అయిపోయిందన్నారు. గంట దాటింది."

తన్మయి ఆగిపోయింది. ఆమె ఆగేసరికి వెనకవాడు వచ్చి గుద్దుకున్నాడు, వాడి వెనకవాడు వాణ్ణి గుద్దుకున్నాడు, మురళీనగర్ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అప్పటిదాకా ఒక్క గొంతులా మోగుతున్న తప్పెటలన్నీ చెల్లాచెదురుగా మోగి ఆగాయి.

"కాదన్నా," అంది తన్మయి. "నాకు ఆయన దరువు వస్తోంది."

"నువ్వు ముందు ఆస్పత్రికి రా," అని ఈశ్వర్ ఫోను పెట్టేశాడు.

వస్తోంది మరి! ఇప్పుడు కూడా వస్తోంది. ధిం, ధిం, ధిం. గురువు పైడయ్య గుండె కొట్టుకునే చప్పుడు ఆమె తలలో పొద్దున్నుంచీ ఆగకుండా వస్తోంది. ఆయన రావడం ఆలస్యమైతే దళంలో అందరూ దిక్కులు చూస్తుంటే తన్మయే అంది, "దరువొస్తోందిగా, దారిలోనే ఉంటారు, మొదలెట్టేద్దాం" అని. మొదలెట్టాక ఇంకో మాట కూడా అంది. "ఇవాళ గురువుగారి దరువు ఎంత నీట్‌గా ఉందో తెలుసా! గీత గీసినట్టుంది!" అని. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి గబగబా గజ్జెలు విప్పేసింది.

ఆటో ఎక్కింది. డ్రైవర్ లేని ఆటో, దానంతటదే సందులు తిరుగుతోంది. దారి పొడవునా ప్రకటన బోర్డులు ఆమె కళ్లలోకి దూరాలని చూస్తూనే ఉన్నాయి, పెద్దమ్మ ఒక్కోదాన్ని గుమ్మంలోనే ఆపి అడుగుతోంది. చీరల కొట్టుదట, రానివ్వనా? వద్దు. ఐస్‌క్రీమట, రానివ్వనా? వద్దు, వద్దు, ఇవాళ ఎవర్నీ రానివ్వకు!

పెద్దమ్మ అంటే మనిషి కాదు. ఊళ్లో ఇప్పుడు పలక లేని తల లేదు కదా, చెవి వెనక చర్మం కింద చిటికెన వేలి గోరంత ముక్క. చూపు పోయినవాళ్ల చూపుతోడు, చెవుడున్నవాళ్ల చెవితోడు, గుండె అలిసిపోయినవాళ్ల గుండెతోడు, ఇవన్నీ తమకి తెలిసిందంతా ఆ పలక మీద రాస్తాయి, మెదడు అక్కణ్ణించి చదువుకుంటుంది. మరి ఇన్ని పరికరాలు ఒకే పలక మీద పడి ఎవరికి తోచినచోట వాళ్లు రాసేస్తే? మొదట్లో అలాగే జరిగింది. కొత్త కన్ను పెట్టించుకున్న ఒకాయనకి ఎర్రలైటు చూసినప్పుడల్లా గుండె తడబడేది, ఎందుకంటే ఆయన కన్ను వెళ్లి గుండె జాగాలో రాసేది!

అందుకని పలకలో ఒక పెత్తందారుని పెట్టారు. కాగితాల మీద దాని పేరు కేంద్రకం. ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఉమ్మడి కుటుంబంలో తాళంచెవుల గుత్తి బొడ్లో దోపుకుని తిరిగే పెద్దమ్మలా ఉంటుంది కాబట్టి పెద్దమ్మ అన్నారు, అదే స్థిరపడిపోయింది. చెవితోడు వచ్చి రాసుకోడానికి గది కావాలంటే "నీది ఒకటో నంబరు" అంటుంది పెద్దమ్మ. చూపుతోడు వచ్చి అడిగితే దానికీ "నీది ఒకటో నంబరే" అంటుంది. రెండూ ఒకటో నంబరులోనే రాస్తున్నామనుకుని సంతోషంగా రాసుకుంటాయి, కానీ అవి ఉత్తుత్తి నంబర్లు. అసలు గది ఎక్కడుందో పెద్దమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఒకళ్ల గది ఇంకొకళ్లకి కనపడదు. ఇవ్వని గది తలుపు తోశారో, అక్కడే నోరు నొక్కేస్తుంది. పూర్తిగా నమ్మకం కుదరని పరికరమైతే దాన్ని అసలు గదిలోకే పంపదు. గుమ్మంలో గిన్నె పెట్టి అందులో పొయ్యమంటుంది, తర్వాత తనే లోపలికి వొంపుకుంటుంది. దాన్ని ఎత్తిపోత అంటారు. క్షేమమే, కానీ రవ్వంత ఆలస్యం.

ఆ రవ్వంత ఆలస్యమే తన్మయి ప్రాణం తీసేది. పుట్టు చెవుడు ఆమెకి. బయట తగిలించుకునే చెవితోడు కాబట్టి దానికి ఎత్తిపోతే. అది పెట్టాక మాటలన్నీ వినిపించాయి, కబుర్లు చెప్పుకోడానికి ఆ ఆలస్యం అడ్డు కాలేదు. కానీ తప్పెటగుళ్లలో? గుండెకి రేకుతప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలేసుకుని, దళమంతా ఒకేసారి ఎగిరి ఒకేసారి దిగాలి. రవ్వంత వెనకబడితే గుంపులో ఒక్కళ్లే వేరే ఆట ఆడుతున్నట్టుంటుంది. పిల్ల ఏడ్చేది. అప్పుడు పైడయ్యే అన్నాడు, "నా చేతిదెబ్బ నీకు ఆలీసంగా వస్తే వచ్చింది. నా గుండెదెబ్బ తీసుకో. నేను వాయించేది దాని మీదే గదా."

ఆయనకి గుండెతోడు ఉంది. అది ఒక్కో దెబ్బనీ ఆయన పలక మీద రాస్తుంది, గానుగెద్దు తిరిగినట్టు గుండ్రంగా, కొన్ని గంటల దెబ్బలతో ఒక చుట్టు నిండాక మళ్లీ మొదటికొచ్చి పాత దెబ్బల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. ఇద్దరూ పలక ఆఫీసుకెళ్లి ఒప్పుకుని సంతకాలు పెట్టారు. ఆయన పలకలోని ఆ గానుగబాటకి ఆమె చెవితోడునుంచి నేరుదారి వేశారు. మధ్యలో గిన్నె లేదు, వొంపడం లేదు. ఆయన గుండె కొట్టుకున్న క్షణంలోనే ఆమెకి చేరుతుంది. ఆయన వెనకాలే ఆమె చదువుకుంటూ పోతుంది. ఆ రోజునుంచి తన్మయి అడుగు తప్పలేదు.

ఆస్పత్రిలో మూడో అంతస్తు. మంచం మీద పైడయ్య. మొహం మైనంలా ఉంది. ఛాతీ మీద దుప్పటి మాత్రం సన్నగా అదురుతోంది.

తన్మయి తలలో ధిం. దుప్పటి అదురు. ధిం. దుప్పటి అదురు.

"బతికే ఉన్నారు!" అని అరిచింది. "చూడండి, కొట్టుకుంటోంది! నేను చెప్పాగా అన్నా!"

డాక్టర్ వసుంధర ఆమె భుజం పట్టుకుని పక్కకి జరిపింది. "అమ్మా, మెదడు పూర్తిగా ఆగిపోయింది. ఒకటికి రెండుసార్లు పరీక్ష చేశాం. ఆయన లేరు. గుండెతోడు ఒక్కటే పని చేస్తోంది, రక్తం తోస్తోంది, దానికి గాలి కలుపుతోంది. మనిషి పోతే దాన్ని ఆపమని పెద్దమ్మని అడుగుతాం, రోజూ జరిగేదే. కానీ ఇవాళ ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు."

గోడ మీద తెరలో ఆ జవాబు వెలుగుతోంది. *పరికరం వాడుకలో ఉంది.*

"ఎవరు వాడుతున్నారు?" అన్నాడు ఈశ్వర్. ఏడ్చి ఏడ్చి అతని గొంతు బొంగురుపోయింది. "చనిపోయినాయన గుండెని ఎవరు వాడుతున్నారండీ? బలవంతంగా తీసెయ్యలేరా?"

"తీస్తే నేను జైలుకెళ్తాను. చావు కాగితం ఇచ్చేది పెద్దమ్మే. వాడుకలో ఉందని పెద్దమ్మ అంటుండగా నేను కత్తి పట్టుకుంటే చట్టం ప్రకారం అది హత్య. పలక ఆఫీసుకి కబురు చేశాం."

అప్పుడే తలుపు తోసుకుని వచ్చింది షాహిన్, పలక ఆఫీసు ఇంజనీరు. హెల్మెట్ ఇంకా చేతికే వేలాడుతోంది. మంచం మీద ఎవరున్నారో కూడా చూడకుండా తెర చూసింది, చేతిలో పరికరాన్ని మంచానికి తగిలించింది, గబగబా చదువుకుంటూ మధ్యలో ఆగింది.

"పట్టు ఉంది," అంది. "ఆయన గుండె జాగాని బయటివాళ్ల పరికరం ఒకటి పట్టుకుని చదువుతోంది. ఒకళ్లు చదువుతుండగా ఆ జాగాని కిందనుంచి లాగేస్తే, ఆ నంబర్లో తర్వాత ఇంకెవరి రహస్యమో వచ్చి కూర్చుంటుంది, అదీ చదివేస్తారు. అందుకే పట్టు ఉన్నంతసేపు పెద్దమ్మ ఆ జాగాని కదపదు. అందులో రాసే పరికరాన్నీ ఆపదు. అది మొదటి రూలు. ఇంతకీ ఎవరు చదువుతున్నారో..."

చెప్తూ చెప్తూ తలెత్తింది. తన్మయిని చూసి గుర్తుపట్టింది. చెయ్యి చెవి మీద పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది తన్మయి.

"అయ్యో," అంది షాహిన్.

"నేనా?" అంది తన్మయి. "నేను... నేను వింటున్నందుకా? నేను వింటున్నందుకా ఆయన్ని పోనివ్వట్లేదు?"

ఎవరూ జవాబు చెప్పకముందే చెవితోడు పీకేసింది. లోకం మొత్తం నిశ్శబ్దమైపోయింది, దరువు కూడా పోయింది. దుప్పటి వైపు చూసింది. అదురుతోంది. అలాగే అదురుతోంది! షాహిన్ పెదాలు కదులుతున్నాయి, ఏం చెప్తోందో తెలీక మళ్లీ తగిలించుకుంది. ధిం.

"...పీకినా వదలదు తన్మయీ. ఎగిరేటప్పుడు చెమటకి జారిపోతోందని నువ్వే కదా చెప్పావు. జారినా సరే, తిరిగొచ్చేదాకా పట్టు ఉంచమని పెట్టాను."

"అయితే వదిలెయ్యమని చెప్తాను. పెద్దమ్మా, వదిలెయ్! గురువుగారి దారి నాకొద్దు, తీసెయ్!"

"నీకు ఆ అధికారం లేదు," అంది తలలో పెద్దమ్మ, చీరల కొట్టు బోర్డు గురించి అడిగిన అదే గొంతుతో.

తన్మయికి అప్పుడు గుర్తొచ్చింది. భీమిలి. సముద్రం ఒడ్డున ఆట, చుట్టూ డీజేల గోల, అంత గోలలో పెద్దమ్మ కంగారుపడి ఏదో దాడి అనుకుని నేరుదారి తెంపేసింది. ఆట మధ్యలో తన్మయి బొమ్మలా నిలబడిపోయింది, జనం నవ్వారు. మర్నాడు గురువూ శిష్యురాలూ మళ్లీ షాహిన్ దగ్గరికెళ్లారు. "మా ఆటలో ఒక పద్ధతుందమ్మా," అన్నాడు పైడయ్య. "గురువు ముగింపు దెబ్బ కొట్టేదాకా ఎవులూ ఆపకూడదు. కాలిరిగినా సరే. ఆ యంత్రానికి కూడా అదే సెప్పు." తన్మయి ఇంకో అడుగు ముందుకేసి, "నేను భయపడి ఆపేసినా ఒప్పుకోవద్దని పెట్టక్కా" అంది. షాహిన్‌కి ఆ ఆలోచన తెగ నచ్చేసింది. ఎంతో ముచ్చటపడి పెట్టింది. పట్టు వదిలించే హక్కు పెద్దమ్మకి లేదు, తన్మయికి లేదు. ఒక్క గురువు ముగింపు దెబ్బకే ఉంది.

ఆ గురువు ఇప్పుడు మంచం మీద ఉన్నాడు.

"నేనే పెట్టాను," అంది షాహిన్ డాక్టర్ వైపు చూడకుండా. "ఆయనే ముందు పోతే ఏంటని నేను అడగలేదు. వాళ్లిద్దరూ నవ్వుతూ వచ్చారు మేడమ్. అడగాలని తట్టలేదు."

"అడక్కపోడమే మంచిదైంది."

మంచానికి అవతల నేల మీద కూర్చున్న ముసలామె లేచింది. పైడయ్య భార్య అచ్చియ్యమ్మ. అప్పటిదాకా ఏడవలేదు, మాట్లాడలేదు, మొగుడి పాదం పట్టుకుని కూర్చుంది అంతే. వచ్చి తన్మయి మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి విరిగింది.

"నీకు వినిపిత్తందా?"

"వినిపిస్తోంది మామ్మా."

"ఇప్పుడూ?"

"ఇప్పుడూ."

"అయితే ఎవులూ ఆ పట్టు ఇప్పక్కర్నేదు. నా మొగుడు ఈ పిల్లగుంట చెవిలో ఉన్నాడు. కొట్టుకుంతన్న గుండెని ఆపుతామంతారేటి మీరు? మడుసులేనా?"

"అమ్మా," అన్నాడు ఈశ్వర్, "నాన్న లేరమ్మా. డాక్టరుగారు చెప్పారు కదా. అలా ఎన్నాళ్లుంచుతాం?"

"ఎన్నాళ్లయితే అన్నాళ్లు. నీకేటి బరువు? మంచం నాను సూసుకుంతాను. ఓసే గుంటా, నువ్వు మా ఇంటికొచ్చియ్. నా పక్కన కూకో. తిను, పడుకో, నీకిష్టమైన సీరియల్ సూసుకో. నాను అడిగినప్పుడల్లా ఉందో నేదో సెప్పు, సాలు. ఇంకేటీ అడగను."

ఆ మాట ముసలామె ఎంత మామూలుగా అందంటే, ఒక గది, ఒక చాప, ఇంట్లో మంచం మీద ఎప్పటికీ అదిరే దుప్పటి, పక్కన తను, అన్నీ తన్మయి కళ్లకి కట్టాయి. కాలేజీ లేదు, ఆట లేదు, చచ్చేదాకా ఒక చనిపోయిన మనిషికి చెవిలా బతకడం. కాదనాలి. ఎలా అనాలి? కాదంటే గురువుని చంపమన్నట్టే కదా! ఈ చేతులకే ఆయన తప్పెట పట్టడం నేర్పాడు.

కళ్లు మూసుకుంది. ఏం చెయ్యాలో తోచక దరువు విన్నది.

ధిం. ధిం. ధిం. ధిం.

నీట్‌గా ఉంది. గీత గీసినట్టుంది.

"డాక్టర్," అంది కళ్లు తెరవకుండానే, "బతికున్న గుండె ఇంత సమంగా కొట్టుకుంటుందా?"

వసుంధర దుప్పటి వైపు చూస్తూ చెప్పింది. "కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త పరుగెడుతుంది, వదిలినప్పుడు కాస్త నిదానిస్తుంది. ఆ ఊగిసలాట మెదడు చేయిస్తుంది. గుండెతోడు ఉన్నవాళ్లలో కూడా మెదడు చెప్పినట్టే అది నడుస్తుంది. చెప్పేవాళ్లు లేకపోతే దాని లెక్కన అది నడుస్తుంది, గడియారంలా."

పొద్దున గంటసేపు తను ఎగిరింది గడియారం మీద! దళమంతా మెచ్చుకుంటుంటే, ఇవాళ గురువుగారు అదరగొడుతున్నారని మురిసిపోతూ, యంత్రం మీద ఎగిరింది!

"మామ్మా," అంది. "చెయ్యి చాపు."

"దేనికే?"

"చాపు మామ్మా. నాకు వినిపించేది నీకూ వినిపిస్తాను. ఒక్క దెబ్బ కూడా మార్చను."

అచ్చియ్యమ్మ మణికట్టు వదిలి అరచెయ్యి చాపింది. తన్మయి చూపుడువేలితో ఆ అరచేతి మీద కొట్టింది, తలలో ఏ దెబ్బ పడితే ఆ దెబ్బ, పడిన క్షణంలోనే. ధిం. ధిం. ధిం.

ముసలామె మొహం వెలిగింది. మొగుడి చేతిని పట్టుకున్నట్టే ఆ వేలి కిందకి అరచెయ్యిని ఎత్తి పెట్టింది. తల మెల్లిగా ఊపుతోంది. ఊపుతూ ఊపుతూ ఒకచోట ఆగింది. ఇంకాసేపు చూసింది. నుదురు ముడిపడింది.

"జారదేటి?"

"ఏంటి మామ్మా?"

"ఊపిరి ఇడిసినకాడ కూసంత జారతాది ఆయనకి. మెట్టు దిగినట్టు. పెళ్లయిన కాణ్ణించీ ఆయన గుండె మీదే గదే తలపెట్టి పడుకున్నాను, నాకు తెల్దా? జారాలి. సరీగా కొట్టు."

"సరిగ్గానే కొడుతున్నా మామ్మా. ఇదే వస్తోంది."

ధిం. ధిం. ధిం. ఎక్కడా మెట్టు లేదు. అచ్చియ్యమ్మ ఎదురుచూసింది, ఈసారి జారుతుంది, ఈసారి జారుతుంది అన్నట్టు పెదాలు కదిపింది. తర్వాత చెయ్యి లాగేసుకుంది, వేడి పెనం మీద పడ్డట్టు. చీరకి తుడిచేసుకుంది ఆ అరచేతిని.

"ఎవులే అది?" అంది. గొంతు మారిపోయింది. "ఎవులు కొడతన్నారది?"

"మిషను మామ్మా."

"మరి ఆయనేడీ?"

అచ్చియ్యమ్మ మంచం వైపు తిరిగింది. ఆ అదిరే దుప్పటిని మొదటిసారి భయంగా చూసింది. అప్పుడు ఏడ్చింది, గది దద్దరిల్లేలా, ఈశ్వర్ వచ్చి పట్టుకునేదాకా.

ఏడుపు తగ్గాక కళ్లు తుడుచుకుని తనే అడిగింది. "గురువు సెప్తే గానీ ఆట ఆగదు. అంతే గదా? మరి గురువునే ఆట మజ్జిలో నిలబెట్టీసినాం. ఆయనకెవులు సెప్తారు కూకోమని?"

షాహిన్ గొంతు సవరించుకుంది. "ఆయన తప్పెట కూడా పలకకి తెలిసిన పరికరమే. ముగింపు దెబ్బ దాన్నించి వస్తే చాలు. పెద్దమ్మ చూసేది ఏ పరికరం నుంచి వచ్చిందని మాత్రమే. కొట్టిన చెయ్యి ఎవరిదో దానికి తెలీదు, తెలుసుకునే దారీ లేదు."

బస్సు దిగినప్పుడు ఆయన భుజానికున్న సంచీ కుర్చీలో ఉంది. ఈశ్వర్ అందులోంచి తప్పెట తీశాడు, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "నాకు రాదు," అన్నాడు. "నాన్న నేర్పుతానంటే నేను క్రికెట్‌కి పోయేవాణ్ణి." అందరూ తన్మయి వైపే చూస్తున్నారు.

"నేను కొడితే," అంది తన్మయి, "ఆ తర్వాత ఆయన్ని నేనే..."

"నువ్వేం చెయ్యట్లేదు," అంది డాక్టర్. కానీ కిటికీ వైపు చూస్తూ అంది.

"సెయ్యవే," అంది అచ్చియ్యమ్మ. "నిన్ను ఏడిపించినందుకు నన్ను ఏటీ అనుకోకు. నువ్వు ఆయన శిష్యురాలివి. సెయ్యి."

తప్పెటని పైడయ్య ఛాతీ మీద పెట్టి తాడు వీపు వెనకనుంచి తిప్పి కట్టారు, ఆట రోజున కట్టినట్టే. షాహిన్ తన్మయి దగ్గరకొచ్చి మెల్లిగా చెప్పింది. "దెబ్బ పడగానే పట్టు పోతుంది, గుండెతోడు ఆగుతుంది. కానీ నీ నేరుదారి వెంటనే మూసుకోదు. పెద్దమ్మ ఒక్కో దారినీ అప్పటికప్పుడు చెరిపితే పనులన్నీ నెమ్మదిస్తాయని, సింకులో గిన్నెల్లా కొన్ని పోగయ్యాక ఒకేసారి కడుగుతుంది. ఈలోపు దారి తెరిచే ఉంటుంది. కంగారుపడకు. రాసేవాళ్లే ఉండరు కాబట్టి ఏమీ రాదు. ఖాళీగా ఉంటుందంతే."

తన్మయి మంచం మీదకి వొంగింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ కొట్టని దెబ్బ అది. గురువు కొడితే అందరూ ఆగే దెబ్బ. శిష్యులు దాన్ని సాధనలో కూడా కొట్టరు. రెండు అరచేతులూ తిప్పి, ఒకటి అంచు మీద, ఒకటి నడిమి మీద, ఆఖర్న రెండూ కలిపి, ఆయన ఛాతీ మీద ఒక్క గట్టి దెబ్బ కొట్టింది.

తెర మీద అక్షరాలు మారాయి. *పట్టు వదిలింది.* తర్వాత, *పరికరం ఆగింది.*

దుప్పటి ఆగింది.

డాక్టర్ గడియారం చూసింది. ఈశ్వర్ గోడకి తలానించాడు. తన్మయి తప్పెట మీద చేతులు అలాగే ఉంచి, తల లోపలి ఖాళీని వింటూ నిలబడింది. ఆ ఖాళీ ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తోంది ఆమెకి.

ధిం.

ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. పైడయ్యని చూసింది. కదలిక లేదు.

ధిం. ధిం.

"షాహినక్కా," అంది. "వస్తోంది."

"ఏం వస్తోంది? రాదే! ఆగిపోయింది కదా!"

"వస్తోందక్కా!"

షాహిన్ తన చేతిలోని పరికరం చూసుకుంది. రంగు మారిపోయింది ఆమె మొహం. "గానుగ," అంది తనలో తను అనుకున్నట్టు. "రాసేది ఆగిపోయింది. ఈమె చదవడం ఆపలేదు. ఆగినచోటు దాటి ముందుకెళ్లిపోయింది. అక్కడున్నవి ఇంకా చెరగని దెబ్బలు, అన్నిటికంటే పాతవి... ఈ తెల్లవారుజామువి. దేవుడా, మేం దీన్ని అనుకోనే లేదు."

తన్మయి ఆ మాటలు పూర్తిగా వినలేదు. అచ్చియ్యమ్మ దగ్గరకి పరుగెత్తి, ముసలామె చేతిని లాక్కుని, వేళ్లు విప్పి, అరచేతి మీద కొట్టడం మొదలెట్టింది.

"వొద్దే," అంది అచ్చియ్యమ్మ చెయ్యి వెనక్కి లాక్కోబోతూ. "అది నాకొద్దు. ఆ మిషను నాకొ..."

మాట అక్కడే ఆగింది.

ధిం. ధిం. ధిం, కాస్త ఆగి, మెట్టు దిగినట్టు, ధిం.

అచ్చియ్యమ్మ నేల మీద కూర్చుండిపోయింది. తన్మయి ఆమెతోపాటే కూలబడింది, వేలు ఆపకుండా. మళ్లీ పైకి, పైకి, అక్కడ చిన్న జారు. మళ్లీ పైకి.

"నిద్దర్లో ఉన్నాడు," అంది అచ్చియ్యమ్మ గుసగుసగా, ఎవరైనా లేస్తారేమో అన్నట్టు. "ఇది తెల్లారగట్ల నిద్దర. ఈ పక్కకి తిరిగి పడుకుంతాడు. నా దగ్గిరికి."

ఈ దారిని ఎప్పుడు కడిగేస్తుందో పెద్దమ్మ, తెలీదు. ఏ దెబ్బ ఆఖరిదో తెలీదు. తన్మయి ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ కలపకుండా కొడుతోంది, కళ్లనీళ్లు ముసలామె మోచేతి మీద పడుతున్నాయి. ధిం. ధిం. జారు. ధిం.

తన్మయి వేలు పైకి లేచింది, తర్వాతి దెబ్బ కోసం గాల్లో ఆగింది.

అచ్చియ్యమ్మ అరచెయ్యి అలాగే చాపి ఉంచింది.